స్టాక్ ఫొటోలు అమ్మి సంపాదించడం ఎలా: ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ల కోసం

"ఫోన్ నిండా ఫొటోలున్నాయి, వీటిని అమ్ముకోవచ్చా?" అని అడిగేవాళ్లు పెరుగుతూనే ఉన్నారు. అమ్ముకోవచ్చు. అడోబీ స్టాక్, షట్టర్‌స్టాక్ లాంటి సైట్లలో పెడితే పత్రికలు, ప్రకటనలు చేసేవాళ్లు డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకుంటారు, అలా అమ్మేవే స్టాక్ ఫొటోలు. కాకపోతే ఇప్పుడు మీ ఫోన్లో ఉన్నవాటిలో అమ్ముడుపోయేవి చాలా తక్కువ. సూర్యాస్తమయాలు, గులాబీలు, సముద్రపు అలలు ఈ సైట్లలో ఇప్పటికే లక్షల్లో ఉన్నాయి. అలాంటి బొమ్మ కావాలంటే కొనేవాళ్లు ఏఐతోనే చేయించుకుంటున్నారు. మన దగ్గర్నుంచి వాళ్లకి కావలసింది వేరు: నాట్లు వేస్తున్న ఆడకూలీలు, కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తున్న పెద్దావిడ, పోచంపల్లి మగ్గం మీద నూలు సరిచేస్తున్న చేతులు. అదీ ఫొటోలో ఉన్నవాళ్ల సంతకంతో, సరైన పేరుతో. మంచి కెమెరా కొంటే ఆదాయం వస్తుందనుకోవద్దు. సంతకం కాగితం, కీవర్డులు (ఫొటోని వెతికితే దొరికేలా రాసే మాటలు), ఈ రెండూ శ్రద్ధగా చేసినవాళ్లకే ఈ పనిలో డబ్బులొస్తాయి.

ముందు డబ్బు సంగతి

ఇది తెలియకుండా దిగితే రెండు నెలల్లో విసుగొస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను.

షట్టర్‌స్టాక్‌లో 2020 జూన్ నుంచి మెట్ల పద్ధతి నడుస్తోంది. ఏడాదిలో మొదటి 100 డౌన్‌లోడ్ల దాకా మీ వాటా 15 శాతం. డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ 20, 25, 30, 35 శాతాలు, ఆపైన 40 శాతం. ప్రతి జనవరి 1న అందరూ మళ్లీ మొదటి మెట్టు దగ్గరికే వస్తారు. ఒక్క డౌన్‌లోడ్‌కి కనీసం వచ్చేది 10 సెంట్లు, అంటే సుమారు 9 రూపాయలు. అడోబీ స్టాక్ ఫొటోలకి 33 శాతం, వీడియోలకి 35 శాతం ఇస్తుంది. ఐస్టాక్‌లో ఎక్స్‌క్లూజివ్ కాని (వేరే సైట్లలోనూ పెట్టుకోగలిగే) ఫొటోకి 15 శాతం. అలమీలో ఎక్స్‌క్లూజివ్ కాని ఫొటోకి 40 శాతం ఇస్తారు గానీ, ఏడాది మొత్తం అమ్మకాలు 250 డాలర్లు దాటకపోతే అది 20కి పడిపోతుంది.

అడోబీలో 25 డాలర్లు జమైతే గానీ డబ్బు తీసుకోలేరు. సబ్‌స్క్రిప్షన్ అమ్మకానికి (కొనేవాళ్లు చందా కట్టి డౌన్‌లోడ్ చేసుకునేదానికి) 33 సెంట్ల చొప్పున లెక్కేస్తే 25 డాలర్లకి 76 డౌన్‌లోడ్లు కావాలి. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ఆశ అదుపులో ఉంటుంది. మొదటి ఏడాదిలో దీన్ని ఉద్యోగానికి బదులుగా చూడకండి. ఉన్న పనికి పక్కన నెమ్మదిగా పెరిగే ఆదాయంగా చూడండి. ఎక్కించిన ఫొటో ఏళ్ల తరబడి అమ్ముడవుతూనే ఉండొచ్చు. ఈ పనిలో ఉన్న లాభం అదే.

కావలసినవి

- 12 మెగాపిక్సెల్ ఫోన్ చాలు. అడోబీ, షట్టర్‌స్టాక్ అడిగే కనీస సైజు 4 మెగాపిక్సెల్సే. అలమీకి పంపాలంటే ఫైలు తెరిచినప్పుడు 17 ఎంబీ పైన ఉండాలి, అంటే సుమారు 6 మెగాపిక్సెల్స్. పాతదైనా సరే డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్ ఉంటే ఇంకా మంచిది.
- లాప్‌టాప్ లేదా కంప్యూటర్. ఫోన్ తెర మీద ఫోకస్ తప్పు కనిపించదు.
- ఎడిటింగ్‌కి లైట్‌రూమ్ ఉంటే సరే, లేదంటే ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్. కీవర్డులు ఫైల్లోనే రాసుకోవడానికి డిజీక్యామ్ గానీ అడోబీ బ్రిడ్జ్ గానీ. ఇవి రెండూ ఉచితమే.
- పాన్ కార్డు, అదే పేరుతో బ్యాంకు ఖాతా, విదేశీ డబ్బు అందుకోవడానికి అదే పేరుతో పేపాల్ లేదా పేయోనీర్ ఖాతా. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట పొట్టి అక్షరంగా ఉంటే డబ్బు వచ్చే రోజున ఇబ్బంది పడతారు. ముందే సరిచేసుకోండి.
- మోడల్ రిలీజ్ ఫారాలు (ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితాలు), ప్రింట్ తీసినవి.

చేరడానికి పేరున్న ఏ సైటూ ఫీజు అడగదు. రిజిస్ట్రేషన్‌కి డబ్బు కట్టమన్నా, అప్రూవ్ అయిన ఖాతా అమ్ముతామన్నా అది మోసమే.

1. రెండు ఖాతాలతో మొదలుపెట్టండి

అడోబీ స్టాక్, షట్టర్‌స్టాక్ చాలు. ఒకేసారి ఆరేడు సైట్లలో చేరితే అప్‌లోడ్ చేయడంలోనే ఓపిక అయిపోతుంది. సంతలు, జాతరలు, వీధులు ఎక్కువగా తీసేవాళ్లయితే మూడోదిగా అలమీ చేర్చుకోండి. అది బ్రిటన్ సంస్థ, 2020 నుంచి పీఏ మీడియా గ్రూప్ చేతిలో ఉంది, పత్రికలకి బాగా అమ్ముతుంది. అక్కడ మొదట మూడు ఫొటోలు పరీక్షకి పంపాలి, వాటిలో ఒక్కటి పోయినా మూడూ పోయినట్టే. అందుకని బాగున్నవి కాదు, ఫోకస్ పక్కాగా ఉన్నవి ఎంచి పంపండి.

ఒక హెచ్చరిక: ఎక్స్‌క్లూజివ్ అని ఎక్కడ ఒప్పుకున్నా ఆ ఫొటో ఇంకెక్కడా పెట్టకూడదు. కొత్తలో ఆ జోలికి పోకండి.

2. ఏం తీయాలో ముందు కాగితం మీద రాసుకోండి

మీ చుట్టూ జరిగే పనులు వరసగా రాయండి. పంట, వంట, చేతివృత్తి, చదువు, ఆసుపత్రి, డబ్బు చెల్లింపు, ముసలివాళ్ల సంరక్షణ. ఒక్కొక్కటీ అడోబీ స్టాక్ సైట్లో కొనేవాడిలా వెతికి చూడండి. ఫలితాల్లో వచ్చినవాటిలో మన దగ్గరివి ఎన్ని, నిజంగా ఆ పని చేస్తున్నట్టున్నవి ఎన్ని? ఖాళీ కనిపించిన చోట తీయండి. చాలాసార్లు ఫలితాల్లో ఉత్తరాది చీరకట్టు, ఉత్తరాది వంటిల్లు కనిపిస్తాయి. మన ఇల్లు కనిపించదు. ఏఐ బొమ్మల్లో ఇది ఇంకా ఎక్కువ. బతుకమ్మలో తంగేడు ఎక్కడ పేరుస్తారో, గునుగు ఎక్కడ పెడతారో, పైన గౌరమ్మ ఎలా ఉంటుందో తెలిసి తీసిన ఫొటోకి విలువ ఉంది. వాటిని మనం తీయకపోతే ఎవరూ తీయరు.

పండుగ ఫొటోలు పండుగకి రెండు మూడు నెలల ముందే సైట్లో ఉండాలి, పత్రికలు, కంపెనీలు అప్పుడే వెతుకుతాయి. తంగేడు పూసేదే ఆ రోజుల్లో కాబట్టి ఈ ఏడాది బతుకమ్మ వచ్చే ఏడాది అమ్మకానికి అనుకోండి. సంక్రాంతి, ఉగాది, బోనాలు అన్నిటికీ ఇదే లెక్క.

3. ఒకే పనిని మొదటి నుంచి చివరిదాకా తీయండి

ఆవకాయే తీసుకోండి. చాలామంది జాడీ నిండా ఉన్న ఆవకాయని ఒక ఫొటో తీసి ఊరుకుంటారు. వంటల పత్రికకి, ఫుడ్ కంపెనీకి ఆ వరసంతా కావాలి: మామిడికాయలు కడిగి తుడవడం, టెంకతో సహా ముక్క కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు కలపడం, నూనె పోయడం, జాడీకి వాసెన కట్టడం, చివరికి వేడన్నంలో ముద్ద. ఒక్క మధ్యాహ్నంలో పాతిక వేర్వేరు ఫొటోలు వస్తాయి.

తీసేటప్పుడు చూసుకోవలసినవి:

ట్యూబులైటు ఆపేయండి. కిటికీ వెలుగు, ట్యూబులైటు కలిస్తే ముక్కలు ఒకపక్క ఒక రంగులో, ఇంకోపక్క ఇంకో రంగులో వస్తాయి. ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం కష్టం.

కారం దగ్గర జాగ్రత్త. ఎరుపు రంగు కెమెరాని, ముఖ్యంగా ఫోన్‌ని, మోసం చేస్తుంది. చూడ్డానికి వెలుగు సరిగ్గానే ఉన్నట్టుంటుంది గానీ ఎరుపు ఛానల్ నిండిపోయి కారం పొడి గరుకుదనమంతా పోయి ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దగ్గర పెట్టి తీయండి, ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగు గాఢత) పెంచకండి. గుంటూరు మిర్చి కల్లాల్లో తీసినా ఇదే జాగ్రత్త.

ప్రతి దృశ్యాన్నీ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తీయండి. ఒకదాంట్లో అక్షరాలు వేసుకోవడానికి ఒక పక్క ఖాళీ వదలండి. ప్రకటనలు చేసేవాళ్లు ముందు చూసేది ఆ ఖాళీనే.

నూనె సీసా లేబుల్, కారం ప్యాకెట్ పేరు, గోడ మీద క్యాలెండర్, చొక్కా మీద కంపెనీ గుర్తు ఫ్రేములోకి రానివ్వకండి. కిరాణా కొట్లో యూపీఐ స్టిక్కర్ల గుర్తులకీ ఇదే నియమం. తీసేముందు తొలగిస్తే రెండు నిమిషాల పని, తర్వాత చెరపాలంటే అరగంట.

4. సంతకం తీసుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, డబ్బు పోగొట్టుకునేదీ ఇక్కడే. మనిషి గుర్తుపట్టేలా ఉన్న ఫొటోని ప్రకటనలకి అమ్మాలంటే ఆ మనిషి మోడల్ రిలీజ్ మీద సంతకం పెట్టాలి. ముఖం ఒక్కటే కాదు, పచ్చబొట్టు, పక్కనుంచి పోలిక తెలిసే రూపం కూడా గుర్తే. ఇంట్లోవాళ్లయినా, మీ ఫొటో మీరే తీసుకున్నా కాగితం కావాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకి తల్లి గానీ తండ్రి గానీ సంరక్షకులు గానీ పెట్టాలి.

ఫారంలో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. తేదీ, ఫొటో తీసిన రోజుతో సరిపోవాలి. సాక్షిగా మీరు కాకుండా మూడో మనిషి సంతకం పెట్టించండి. గెట్టీ అనే ఫొటోల సంస్థ ఫారాన్ని చాలా సైట్లు ఒప్పుకుంటాయి, దాన్నే ప్రింట్ తీసి పెట్టుకుంటే ప్రతి సైటుకీ వేరే కాగితం రాయించే బాధ ఉండదు.

ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. పొలంలో ఉన్న రైతుకో, మగ్గం దగ్గరున్న నేతన్నకో అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పండి. "ఈ ఫొటో ఏ దేశంలోనైనా, ఏ ప్రకటనలోనైనా రావచ్చు. ఒకసారి అమ్ముడుపోయాక వెనక్కి తీసుకోలేం" అని స్పష్టంగా అనండి. వద్దంటే బలవంతపెట్టొద్దు. ఒప్పుకున్నవాళ్లకి ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టండి, ఫొటో కూడా పంపండి. పది రూపాయల అమ్మకం కోసం ఎవరి అమాయకత్వాన్నీ వాడుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

సంతకం దొరకలేదా? అయితే మూడు దార్లున్నాయి. ముఖాలు రాకుండా చేతులు, పనిముట్లు తీయండి. వెనకనుంచి, దూరంనుంచి ఎవరో తెలియకుండా తీయండి. లేదా ఎడిటోరియల్‌గా పంపండి, అదేమిటో ఐదో మెట్టులో చెబుతాను.

పెళ్లి ఫొటోగ్రాఫర్లు చాలామంది ఒకటి అడుగుతారు: "పెళ్లిలో తీసినవి పెట్టొచ్చా, తీసింది నేనే కదా?" పెట్టకూడదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెళ్లివారితో రాతపూర్వక ఒప్పందం, ఫొటోలో ఉన్నవాళ్ల రిలీజులు లేకుండా ఒక్కటి కూడా ఎక్కించకండి.

5. కమర్షియలా, ఎడిటోరియలా తేల్చుకోండి

ప్రకటనలకి వాడుకోగలిగేది కమర్షియల్. వార్తకి, పాఠ్యపుస్తకానికి, వ్యాసానికి మాత్రమే వాడేది ఎడిటోరియల్. జాతర జనం, రద్దీ బజారు, కంపెనీ బోర్డులున్న వీధి ఎడిటోరియల్ కిందికొస్తాయి. వీటికి రిలీజు అక్కర్లేదు గానీ ఫొటోలో ఏదీ చెరపకూడదు, చేర్చకూడదు. శీర్షిక కూడా ఊరు, దేశం, తేదీతో మొదలవ్వాలి. ఉదాహరణకి: "గుంటూరు, ఇండియా - ఫిబ్రవరి 20, 2025: మిర్చి యార్డులో బస్తాలు దించుతున్న హమాలీలు." రాసేది ఇంగ్లీషులో, వరస మాత్రం ఇదే. జనం ఉన్న ఎడిటోరియల్ షట్టర్‌స్టాక్‌కి, అలమీకి పంపండి. అడోబీలో ఎడిటోరియల్ పరిధి బాగా చిన్నది.

కట్టడాల విషయంలో: చార్మినార్, గోల్కొండ, రామప్ప లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. తిరుమల ఆలయంలోకి కెమెరా, ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మిగతా గుళ్లలో ముందు అడగండి. కలంకారీ చిత్రం, గోడ మీద పెయింటింగ్ ఫ్రేము నిండా తీస్తే అది ఆ కళాకారుడి పనిని అమ్మడమే అవుతుంది, ప్రాపర్టీ రిలీజ్ (దాని హక్కుదారు ఇచ్చే అనుమతి కాగితం) కావాలి. కళాకారుడు గీస్తుండగా, అతని సంతకంతో తీస్తే ఫొటో కూడా మెరుగ్గా ఉంటుంది. డ్రోన్ ఉన్నవాళ్లు 2021 డ్రోన్ నియమాలు చూసుకోండి. అమ్మడానికి తీస్తే అది వాణిజ్య అవసరమే కాబట్టి 250 గ్రాములు దాటిన డ్రోన్‌కి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి.

6. వంద శాతం జూమ్‌లో చూడండి

ఎడిటింగ్ తక్కువ చేయండి. వెలుగు, తెలుపు రంగు, వంకర సరిచేయడం, సెన్సర్ మచ్చలు తీయడం, అంతే. ఫిల్టర్లు, వాటర్‌మార్క్, తేదీ ముద్ర వద్దు. ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో, పూర్తి నాణ్యత జేపెగ్‌గా దాచండి. చిన్న ఫొటోని సాగదీసి పెద్దది చేయకండి.

తర్వాత కంప్యూటర్ మీద వంద శాతం జూమ్ పెట్టి నాలుగు మూలలూ, మధ్యలో ముఖ్యమైన వస్తువూ చూడండి. మనిషైతే కంటి రెప్పలు, ఆవకాయైతే ముక్క అంచు స్పష్టంగా ఉండాలి. నీడల్లో రంగురంగుల చుక్కలుంటే నాయిస్. ఫోన్ ఫొటోల్లో జుట్టు, గడ్డి నూనె పూసినట్టు నున్నగా కనిపిస్తే ఫోన్ దాన్ని అతిగా నునుపు చేసిందని అర్థం. పగటి వెలుగులో, జూమ్ వాడకుండా, మెయిన్ లెన్స్‌తో మళ్లీ తీయండి.

7. టైటిల్, కీవర్డులు

కొనేవాడు వెతికేది మాటలతోనే. అడోబీలో టైటిల్ 70 అక్షరాల లోపు, కీవర్డులు 49 దాకా. మొదటి పది కీవర్డులకి బరువెక్కువ, ముఖ్యమైనవి ముందు పెట్టండి.

గోంగూర కట్టని పట్టుకున్న రైతు ఫొటో అనుకుందాం. "గ్రీన్ లీవ్స్, నేచర్, బ్యూటిఫుల్" అని రాస్తే ఎవరికీ దొరకదు. మొదటి పదిలో రావలసినవి: గోంగూర, రోసెల్ లీవ్స్, సారెల్, హైబిస్కస్ సబ్డారిఫా, లీఫీ వెజిటబుల్, ఇండియన్ ఫార్మర్, హార్వెస్ట్, ఆంధ్ర ప్రదేశ్, తెలుగు క్విజీన్, ఆర్గానిక్. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. మన పేరు వదలకండి, మన వంట గురించి రాసేవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు. శాస్త్రీయ నామం వదలకండి, పుస్తకాలు వేసేవాళ్లు దాంతో వెతుకుతారు. ఎంతమంది ఉన్నారు, ఆడా మగా, వయసు, లోపలా బయటా, ఏం చేస్తున్నారు, ఇవి కూడా చేర్చండి.

ఫొటోలో లేనిది రాయొద్దు. బియ్యం ఫొటోకి బిర్యానీ అని పెడితే వెతికినవాడు చూసి వదిలేస్తాడు, మీ ఫొటో వెనక్కి పోతుంది. 49 నింపాలని కూడా లేదు, సరైనవి పాతిక చాలు.

కీవర్డులు ఫైల్లోనే రాస్తే ఏ సైట్లో ఎక్కించినా వాటంతటవే వస్తాయి. ఒక్కో సైట్లో మళ్లీ టైపు చేయక్కర్లేదు.

8. ఎక్కించండి, తిరస్కరిస్తే కారణం చూడండి

ఒకేలా ఉన్న ఇరవై ఫొటోలు ఒకేసారి పంపకండి. ఒక దృశ్యం నుంచి తేడా స్పష్టంగా ఉన్న మూడు నాలుగు చాలు. "సిమిలర్ కంటెంట్" అని వెనక్కి రావడానికి కారణం ఇదే. ఫోకస్, నాయిస్ అంటే ఆరో మెట్టుకి వెళ్లండి. ఇంటలెక్చువల్ ప్రాపర్టీ అంటే ఎక్కడో ఒక గుర్తు మిగిలిపోయింది, చెప్పుల మీద, వాచీ మీద, ట్రాక్టర్ మీద వెతకండి. రిలీజ్ సమస్యైతే తేదీ, సాక్షి సంతకం, స్కాన్ స్పష్టత చూడండి. ఏమీ మార్చకుండా అదే ఫొటో మళ్లీ మళ్లీ పంపితే ఖాతాకే చెడ్డపేరు.

ఏఐ బొమ్మలు అడోబీ తీసుకుంటుంది, అప్‌లోడ్ చేసేటప్పుడు ఏఐతో చేసిందని గుర్తు పెట్టాలి. షట్టర్‌స్టాక్, గెట్టీ తీసుకోవు. అసలు ఫొటోగా ఏఐ బొమ్మని దాటించబోతే ఖాతా పోతుంది.

9. పన్ను ఫారం, డబ్బు అందుకోవడం

అడోబీ, షట్టర్‌స్టాక్ అమెరికా సంస్థలు కాబట్టి డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపమంటాయి. నింపకపోతే అమెరికాలో వచ్చిన అమ్మకాల మీద 30 శాతం పట్టుకుంటారు. మన దేశానికీ అమెరికాకీ ఉన్న పన్ను ఒప్పందంలో రాయల్టీలకి 15 శాతం ఉంది. ఆ రేటు కావాలంటే ఫారంలో ఇండియా ఎంచుకుని, విదేశీ పన్ను సంఖ్య అన్నచోట మీ పాన్ నంబర్ రాయండి. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడు క్యాలెండర్ సంవత్సరాల దాకా అది చెల్లుతుంది, ఆపైన మళ్లీ నింపాలి.

అడోబీలో మొదటి అమ్మకం జరిగిన 45 రోజుల తర్వాతే మొదటిసారి డబ్బు అడగగలరు. పేపాల్‌కి వచ్చిన డాలర్లు మన దేశంలో ఖాతాలో నిలవవు, రూపాయలుగా మారి బ్యాంకుకి వెళ్లిపోతాయి. ఈ ఆదాయం ఇక్కడ రిటర్నులో చూపించాలి. అమెరికాలో కట్టిన పన్నుకి మినహాయింపు దొరుకుతుంది, దానికి సైటు ఇచ్చే పన్ను కాగితం దాచి మీ ఆడిటర్‌కి ఇవ్వండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

అప్రూవ్ అయిన వారం తర్వాత లాగిన్ అవకుండా, మీ ఫొటోకి సరిపోయే మూడు మాటలతో వెతకండి. మొదటి రెండు మూడు పేజీల్లో లేకపోతే టైటిల్, మొదటి పది కీవర్డులు మార్చి చూడండి. "ఇండియన్ ఫుడ్" అని వెతికి కనపడలేదని బాధపడకండి, అక్కడ ఎవరికీ చోటు దొరకదు. "ఆవకాయ మ్యాంగో పికిల్ మేకింగ్" అని వెతికినప్పుడు రావాలి.

పంపినవాటిలో సగం వెనక్కి వస్తుంటే అప్‌లోడ్ ఆపి తీసే పద్ధతి సరిచేసుకోండి. ఎక్కువ శాతం అప్రూవ్ అవుతున్నా ఆరు నెలల్లో ఏమీ అమ్ముడవకపోతే విషయాల ఎంపికలో తేడా ఉంది, రెండో మెట్టుకి వెళ్లండి. కొన్ని అమ్ముడవుతుంటే వాటి జాబితా తీసి చూడండి. సాధారణంగా మీరు గొప్పగా అనుకున్న ఫొటో కాకుండా, వైద్యుడి దగ్గర కూర్చున్న తాతయ్యో, పురుగుమందు కలుపుతున్న చేతులో కనిపిస్తాయి. ఆ విషయం మీదే ఇంకో పది రకాలుగా తీయండి.

నెలకొకసారి రాసి పెట్టుకోవలసినవి నాలుగే: సైట్లో ఉన్న ఫొటోలు, డౌన్‌లోడ్లు, వచ్చిన డాలర్లు, ఎక్కువ అమ్ముడైన మూడు. జనవరిలో షట్టర్‌స్టాక్ ఆదాయం తగ్గినట్టు కనిపిస్తే మొదట మీ వాటా ఏ మెట్టులో ఉందో చూడండి, మళ్లీ 15 శాతం దగ్గర మొదలై ఉంటుంది. అందుకే పోల్చేటప్పుడు ఈ జనవరిని పోయిన డిసెంబరుతో కాకుండా పోయిన జనవరితో పోల్చండి.